ఫోన్లో ఇంగ్లీషు: హోటల్ రూమ్ బుకింగ్‌తో మొదలుపెట్టండి

ఇంగ్లీషులో మెయిల్ రాయమంటే చాలామంది ఎలాగో నెట్టుకొస్తారు. రాసి, ఒకసారి చదువుకుని, దిద్దుకుని పంపవచ్చు కదా. ఫోన్ దగ్గర ఆ వీలు లేదు. అవతలి మనిషి ముఖం కనపడదు, మాట సగమే వినపడుతుంది, ఆలోచించుకునే టైమ్ ఉండదు. "చెన్నైలో సార్‌కి రెండు రాత్రులకు రూమ్ చూడు" అని మేనేజర్ అనగానే టెన్షన్ పడి, ఆ పని పక్క సీటు వాళ్లకి అప్పజెప్పేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వాళ్లలో తెలుగు మీడియం వాళ్లే కాదు, ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లూ ఉంటారు.

మీరూ అలాంటి ఇబ్బంది పడుతుంటే, నా సలహా హోటల్ బుకింగ్‌తో మొదలుపెట్టమని. ఆ కాల్‌లో వాళ్లు ఏమి అడుగుతారో మనకు ముందే తెలుసు. ఎవరికి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎంతమంది, ఎలాంటి గది, రేటెంత, డబ్బు ఎవరు కడతారు, రద్దు చేసుకుంటే ఏమిటి. ప్రశ్నలు ఇవే. అవతల ఉన్నది కూడా రోజంతా ఇదే పని చేసే మనిషి, మీరు నిదానంగా మాట్లాడితే విసుక్కోరు. ఈ ఒక్క కాల్ ధైర్యంగా చేయగలిగితే సప్లయర్‌కి ఫోన్ చేయడం, క్లయింట్ ఫోన్ ఎత్తడం వాటంతట అవే తేలికవుతాయి.

ఒక మాట ముందే చెప్పాలి. ఫోన్లో పని చెడేది గ్రామర్ వల్ల కాదు. తేదీ తప్పు వినడం వల్ల, పేరు తప్పు రాసుకోవడం వల్ల, ఫిఫ్టీన్‌ని ఫిఫ్టీ అనుకోవడం వల్ల చెడుతుంది. "హీ ఈజ్ కమింగ్" అనాల్సిన చోట "హీ కమింగ్" అన్నా రూమ్ దొరుకుతుంది. పన్నెండో తేదీని ఇరవయ్యో తేదీగా రాసుకుంటే మాత్రం అర్ధరాత్రి మీ బాస్ సూట్‌కేసుతో రిసెప్షన్‌లో నిలబడాలి. కాబట్టి ముందు పేర్లు, అంకెలు నేర్చుకోండి. తర్వాత కొన్ని వాక్యాలు. గ్రామర్‌ని ఆఖరున చూసుకోవచ్చు.

1. ఫోన్ తీసేముందు కాగితం తీయండి

వచ్చే మనిషి పూర్తి పేరు, ఫోన్ నంబరు, వచ్చే తేదీ, వెళ్లే తేదీ, ఎన్ని రాత్రులు, ఎంతమంది, ఎంత రేటు లోపు కావాలి, బిల్లు ఎవరు కడతారు. ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెట్టుకోండి. ఫోన్ మీద ఉన్నప్పుడు ఫైలు వెతుక్కోవడం మొదలుపెడితే ఇంగ్లీషు సగం అక్కడే పోతుంది.

రాత్రుల లెక్క దగ్గర జాగ్రత్త. హోటళ్లు రోజులను కాదు, రాత్రులను లెక్కపెడతాయి. పన్నెండున దిగి పధ్నాలుగున ఖాళీ చేస్తే అది రెండు రాత్రులు, "టూ నైట్స్". మనం ఇంట్లో "మూడు రోజులు ఉంటాడు" అనుకుని ఫోన్లో "త్రీ డేస్" అంటే అవతల మూడు రాత్రులకు రాసుకోవచ్చు. అందుకే ఎప్పుడూ తేదీలు, రాత్రులు రెండూ చెప్పండి: "ఫ్రమ్ ద ట్వెల్ఫ్త్ టు ద ఫోర్టీన్త్ ఆఫ్ మార్చ్, టూ నైట్స్."

ఇంకో చిక్కు అర్ధరాత్రి దాటి దిగే విమానాలది. పధ్నాలుగో తేదీ తెల్లవారుజామున రెండింటికి దిగేవాళ్లకు పధ్నాలుగు నుంచి బుక్ చేస్తే గది మధ్యాహ్నం దాకా చేతికి రాదు, ఎందుకంటే చాలా హోటళ్లలో చెక్ ఇన్ మధ్యాహ్నం పన్నెండుకో రెండుకో. గది పదమూడో తేదీ నుంచి తీసుకోవాలి. తీసుకుని ఈ మాట కూడా కచ్చితంగా చెప్పాలి: "ద గెస్ట్ విల్ అరైవ్ ఎట్ టూ ఎ.ఎం. ఆన్ ద ఫోర్టీన్త్. ప్లీజ్ హోల్డ్ ద రూమ్." చెప్పకపోతే పదమూడు రాత్రికి మనిషి రాలేదని "నో షో" కింద రాసి గదిని ఇంకొకరికి ఇచ్చేసే ప్రమాదం ఉంది. మన ఊళ్లలోని చాలా లాడ్జీల్లో దిగిన గంట నుంచి ఇరవై నాలుగు గంటల లెక్క నడుస్తుంది. ఆ అలవాటుతో పెద్ద హోటళ్లకు ఫోన్ చేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అందుకని మొదటి కాల్‌లోనే అడిగేయండి: "వాట్ ఆర్ యువర్ చెక్ ఇన్ అండ్ చెక్ అవుట్ టైమ్స్?"

2. పేర్లు, అంకెలు నోటికి రావాలి

దీనికి ఎక్కువ టైమ్ పెట్టండి.

ఫోన్లో బి, డి, పి, టి, వి అన్నీ ఒకేలా వినపడతాయి. ఎమ్, ఎన్ కూడా అంతే. ఎఫ్, ఎస్ మరీ మోసం చేస్తాయి. అందుకే అక్షరం పక్కన ఒక మాట జోడించి చెప్పాలి. విమానయానంలో 1956 నుంచి వాడుతున్న జాబితా ఒకటి ఉంది: ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా, ఎకో, ఫాక్స్‌ట్రాట్, గోల్ఫ్, హోటల్, ఇండియా, జూలియట్, కిలో, లీమా, మైక్, నవంబర్, ఆస్కార్, పాపా, క్యూబెక్, రోమియో, సియెరా, టాంగో, యూనిఫామ్, విక్టర్, విస్కీ, ఎక్స్‌రే, యాంకీ, జులూ. విదేశాల వాళ్లతో మాట్లాడాల్సిన ఉద్యోగమైతే ఇది కంఠతా పట్టండి. మన దేశంలోపలైతే "బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ, ఎమ్ ఫర్ మద్రాస్" అన్నా బాగానే నడుస్తుంది. వెంకటేశ్వర్లు లాంటి పేరును ఉత్తరాది హోటల్‌కి ఒక్క ఊపులో చెప్పకండి. మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్క తర్వాత ఆగి, వాళ్లు "ఓకే" అన్నాక తర్వాతిది చెప్పండి.

పేరు విషయంలో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. హోటల్ వాళ్లు "ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్" అని అడుగుతారు. ఫస్ట్ నేమ్ అన్నారు కదా అని ముందున్న ఇంటిపేరు చెబితే రికార్డులో తలకిందులుగా ఎక్కుతుంది. రాత్రి పదింటికి రిసెప్షన్‌లో "ఆ పేరుతో బుకింగ్ లేదండీ" అనే మాట చాలాసార్లు ఇందుకే వినాల్సి వస్తుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ అని విడివిడిగా ఉంటాయి. ఆధార్ మీద ఎలా ఉందో కూడా చూడండి. ఏ కార్డు చూపించబోతున్నారో దాని మీద ఉన్నట్టే చెప్పండి: "ద సర్‌నేమ్ ఈజ్..., ద గివెన్ నేమ్ ఈజ్..."

ఇక అంకెలు. థర్టీన్, థర్టీ, ఫోర్టీన్, ఫార్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ. ఈ జంటలే సగం గొడవలకు మూలం. పదిహేను అనేటప్పుడు చివరి "టీన్" సాగదీయండి, యాభై అనేటప్పుడు మొదటి "ఫిఫ్" నొక్కండి. అదీ చాలదు, పక్కనే విడదీసి చెప్పండి: "ఫిఫ్టీన్, వన్ ఫైవ్." ఫోన్ నంబరులో "డబుల్ ఫైవ్" మనకూ బ్రిటన్ వాళ్లకూ మామూలే కానీ అమెరికా వాళ్లకు అలవాటు లేదు, "ఫైవ్ ఫైవ్" అనండి. లక్ష, కోటి బయటివాళ్లకు తెలియవు. రెండు లక్షలను "టూ హండ్రెడ్ థౌజండ్" అనాలి. తేదీ చెప్పేటప్పుడు నెల పేరు పలకండి. ఐదు బై ఆరు అంటే మనకు జూన్ ఐదు, అమెరికాలో మే ఆరు.

సాధనకు మంచి సరుకు మీ ఆఫీసులోనే ఉంది, కంపెనీ జీఎస్టీ నంబరు. పదిహేను అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్ (తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37), తర్వాత పది పాన్ నంబరు, చివర మూడు. రోజూ ఒకసారి ఎవరికైనా చదివి రాయించండి. తప్పు లేకుండా రాయగలిగారంటే మీరు చెప్పడం వచ్చేసినట్టే. బిల్లు మీద ఈ నంబరు పడాలని అకౌంట్స్ వాళ్లు ఎలాగూ అడుగుతారు కాబట్టి ప్రతి హోటల్ కాల్‌లోనూ ఇది అవసరమే.

3. మొదటి రెండు వాక్యాలు

ఫోన్ కలవగానే మీరెవరో, ఎందుకు చేశారో చెప్పేయండి. "గుడ్ మార్నింగ్. దిస్ ఈజ్ లక్ష్మి, కాలింగ్ ఫ్రమ్ హైదరాబాద్. ఐడ్ లైక్ టు బుక్ ఎ రూమ్, ప్లీజ్." ఇంతే. "మైసెల్ఫ్ లక్ష్మి" అనే అలవాటు ఉంటే మానుకోండి. "ఐ వాంట్ ఎ రూమ్" తప్పు కాదు కానీ చెవికి గరుకుగా ఉంటుంది. తెలుగులో "అండీ" చేసే పనిని ఇంగ్లీషులో "ఐడ్ లైక్ టు", "కుడ్ యూ", "మే ఐ" చేస్తాయి. ప్రతి వాక్యానికీ "సర్" తగిలించడం కంటే ఈ మూడూ వాడడం మర్యాదగా ఉంటుంది.

మెషిన్ గొంతు వస్తే కంగారు పడొద్దు. రిజర్వేషన్‌కి ఏ అంకె నొక్కమంటుందో వినండి. లోపలి నంబరు తెలిస్తే "ఎక్స్‌టెన్షన్ టూ జీరో ఫోర్, ప్లీజ్" అంటే కలుపుతారు. "ప్లీజ్ హోల్డ్" అంటే ఆగమని.

4. హోటల్ వాళ్ల మాటలు

గది రకం అడిగినప్పుడు డబుల్, ట్విన్ తేడా తెలిసి ఉండాలి. డబుల్ అంటే ఇద్దరికి ఒకే పెద్ద మంచం, ట్విన్ అంటే రెండు విడి మంచాలు. ఇద్దరు ఉద్యోగులు ఒకే గదిలో దిగుతుంటే "ఎ ట్విన్ రూమ్, విత్ టూ సెపరేట్ బెడ్స్" అని నొక్కి చెప్పండి. మన దేశంలో కొన్నిచోట్ల ఇద్దరికి సరిపోయే గది ఏదైనా డబుల్ అనేస్తారు, అందుకే మంచాల సంగతి విడిగా చెప్పాలి.

రేటు చెప్పేటప్పుడు "ఈపీ, సీపీ, మ్యాప్, ఏపీ" అంటారు. మనవాళ్లు ఏపీ అనగానే ఆంధ్రప్రదేశ్ అనుకుంటారు! ఇవి భోజనం లెక్కలు. ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే గది, టిఫిన్. మ్యాప్ అంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం. ఏపీ అంటే టిఫిన్, రెండు పూటలా భోజనం. పొద్దున్నే మీటింగుకు పరుగెత్తే మనిషికి సీపీ చాలు. గుర్తు రాకపోతే "డజ్ ద రేట్ ఇన్‌క్లూడ్ బ్రేక్‌ఫాస్ట్?" అని అడిగేయండి.

రేటు వినగానే రెండో ప్రశ్న పన్ను గురించి: "ఈజ్ దట్ ఇన్‌క్లూజివ్ ఆఫ్ టాక్సెస్?" 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7500 రూపాయల వరకు ఉన్న గదికి 5 శాతం, అది దాటితే 18 శాతం జీఎస్టీ. గది 7400కి, 7600కి మధ్య తేడా రెండు వందలే అనిపిస్తుంది. పన్నుతో కలిపితే మొదటిది 7770, రెండోది 8968. బడ్జెట్ బిగువుగా ఉన్నప్పుడు "డు యూ హావ్ ఎనీథింగ్ అండర్ సెవెన్ థౌజండ్ ఫైవ్ హండ్రెడ్?" అని అడగడానికి మొహమాటపడకండి. మీ కంపెనీ తరచూ అక్కడ దిగుతుంటే "డు యూ హావ్ ఎ కార్పొరేట్ రేట్?" అన్నది కూడా అడగాలి. అడగనివాళ్లకు చెప్పరు.

డబ్బు కంపెనీ కడుతుందా, మనిషి కడతాడా అన్నది స్పష్టంగా ఉండాలి. కంపెనీ కట్టేదాన్ని "బిల్ టు కంపెనీ" అంటారు, పొట్టిగా బీటీసీ. సాధారణంగా గది అద్దె కంపెనీది, బట్టలు ఉతికించడం, రూమ్ సర్వీసు మనిషివి. "రూమ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ టు ద కంపెనీ, ఎక్స్‌ట్రాస్ డైరెక్ట్" అంటే వాళ్లకు అర్థమవుతుంది. అడ్వాన్సు అడిగితే పేమెంట్ లింకు పంపమనండి. కార్డు వెనక ఉండే సీవీవీ, ఫోనుకు వచ్చే ఓటీపీ ఎంత పెద్ద హోటలైనా నోటితో చెప్పొద్దు. "కుడ్ యూ సెండ్ మీ ఎ పేమెంట్ లింక్?" అనే వాక్యాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి.

రద్దు సంగతి బుకింగ్ అప్పుడే అడగాలి: "వాట్ ఈజ్ యువర్ క్యాన్సలేషన్ పాలసీ?" "నాన్ రిఫండబుల్" (రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు) అన్న మాట వినపడిందంటే ప్రయాణం ఖాయమైతే తప్ప తీసుకోకండి.

వచ్చేది విదేశీ అతిథి అయితే పాస్‌పోర్టు, వీసా కాపీలు అడుగుతారు. విదేశీయులు దిగిన ఇరవై నాలుగు గంటల్లోపు హోటల్ వాళ్లు అధికారులకు తెలియజేయాలి, అందుకే ఆ పట్టుదల. అతిథికి ముందే చెప్పి ఉంచండి.

5. అర్థం కానప్పుడు

చాలామంది ఇక్కడే తడబడతారు. అర్థం కాకపోయినా "ఓకే ఓకే" అనేసి ఫోన్ పెట్టేస్తారు. అది వద్దు. అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. "సారీ, కుడ్ యూ రిపీట్ దట్?" మొదటి ఆయుధం. వేగంగా మాట్లాడితే "కుడ్ యూ స్పీక్ ఎ లిటిల్ స్లోలీ, ప్లీజ్?" లైన్ బాగోకపోతే "ద లైన్ ఈజ్ నాట్ క్లియర్. మే ఐ కాల్ యూ బ్యాక్?" ఒక్క ముక్క మాత్రమే అర్థం కాకపోతే ఆ ముక్క గురించే అడగండి: "సారీ, వాట్ వాజ్ ద డేట్?" మొత్తం మళ్లీ చెప్పించుకోవడం కంటే ఇది మంచిది.

మన అలవాట్లలో రెండు ఇంగ్లీషు ఫోన్లో ప్రమాదం. ఒకటి ఊ కొట్టడం. తెలుగులో "ఆఁ, ఊఁ" అంటే వింటున్నామని. ఇంగ్లీషులో అదే జోరుతో "యెస్, యెస్" అంటే ఒప్పుకున్నామని రాసుకుంటారు. రేటు చెబుతున్నప్పుడు ముఖ్యంగా "ఐ సీ" అనండి, "యెస్" అనకండి. రెండోది వద్దు, లేదు అని చెప్పే పద్ధతి. "యూ డోంట్ నీడ్ బ్రేక్‌ఫాస్ట్?" అని అడిగితే మనం తెలుగులో ఆలోచించి "అవును, వద్దు" అనే అర్థంతో "యెస్" అంటాం. అవతలివాళ్లు టిఫిన్ కావాలని రాసుకుంటారు. వద్దంటే "నో, వి డోంట్ నీడ్ బ్రేక్‌ఫాస్ట్" అని వాక్యం మొత్తం చెప్పండి. ఇలాంటి ప్రశ్నలకు ఒక్క మాట జవాబు ఎప్పుడూ ఇవ్వకండి.

6. చదివి వినిపించండి, తర్వాతే పెట్టేయండి

కాల్ ఎంత తడబాటుగా నడిచినా ఆఖరి అర నిమిషం బాగుంటే పని పూర్తయినట్టే. "లెట్ మీ రీడ్ దట్ బ్యాక్ టు యూ" అని మొదలుపెట్టి, కాగితం మీద రాసుకున్నది మొత్తం చదవండి: "వన్ ట్విన్ రూమ్, టూ నైట్స్, చెక్ ఇన్ మార్చ్ ట్వెల్ఫ్త్, చెక్ అవుట్ మార్చ్ ఫోర్టీన్త్, సిక్స్ థౌజండ్ టూ హండ్రెడ్ పర్ నైట్ ప్లస్ టాక్స్, బ్రేక్‌ఫాస్ట్ ఇన్‌క్లూడెడ్. ఈజ్ దట్ కరెక్ట్?" అవతల నుంచి "కరెక్ట్" అన్న మాట వచ్చాక "మే ఐ హావ్ ద కన్ఫర్మేషన్ నంబర్ అండ్ యువర్ నేమ్, ప్లీజ్?" అనండి. ఆ పేరు రాసిపెట్టుకోవడం వల్ల రేపు తేడా వచ్చినప్పుడు ఎవరితో మాట్లాడారో చెప్పగలుగుతారు.

"కన్ఫర్మేషన్ మెయిల్ పంపండి" అనడం తప్పనిసరి. మెయిల్ ఐడీలో డాట్, అండర్‌స్కోర్, హైఫన్ ఉంటే విడిగా పలకాలి. పది నిమిషాల్లో మెయిల్ రాకపోతే మళ్లీ చేయండి. వాళ్లు "టెంటటివ్" అని రాసి ఉంటే గది ఇంకా మీది కాలేదు, ఏ రోజులోపు ఖాయం చేయాలో చూసుకోండి.

7. ఫోన్ మీకే వస్తే

ఎత్తగానే కంపెనీ పేరు, మీ పేరు, "హౌ కెన్ ఐ హెల్ప్ యూ?" అనండి. తెలుగులో "చెప్పండి" ఎంతో మర్యాద, దాన్ని "టెల్ మీ" చేస్తే గద్దించినట్టు ఉంటుంది. అడిగిన మనిషి సీట్లో లేకపోతే "హీ ఈజ్ నాట్ అవైలబుల్ ఎట్ ద మూమెంట్. మే ఐ టేక్ ఎ మెసేజ్?" అనండి. "అవుట్ ఆఫ్ స్టేషన్" మన దేశంలో అందరికీ తెలుసు కానీ బయటివాళ్లకు తెలియదు, "హీ ఈజ్ ట్రావెలింగ్" అంటే సరిపోతుంది. "ప్రీపోన్" (అనుకున్న రోజు కంటే ముందుకు జరపడం) కూడా అంతే. "కెన్ వి మీట్ ఎర్లియర్, ఆన్ ట్యూస్‌డే?" అని రోజు పేరుతో చెప్పండి.

విదేశాలకు మీరే చేయాల్సి వస్తే ముందు గడియారం చూడండి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు. లండన్ ఎండాకాలంలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర గంటలు వెనక. న్యూయార్క్ తొమ్మిదిన్నర లేదా పదిన్నర. టైమ్ చెప్పినప్పుడల్లా "ఇండియన్ టైమ్" అనో "యువర్ టైమ్" అనో జోడించండి.

సాధన ఎలా

పుస్తకం ముందు కూర్చుని పైకి చదివితే ఇది రాదు. ఒక ఫ్రెండ్‌ని పట్టుకుని, ఇద్దరూ వేరువేరు గదుల్లో కూర్చుని నిజంగానే ఫోన్ చేసుకోండి. ముఖం కనపడితే సైగలతో నెట్టుకొస్తారు, అందుకే వేరు గదులు. ఒకసారి మీరు హోటల్, ఇంకోసారి వాళ్లు హోటల్. కావాలనే ఒక తేదీ తప్పు చెప్పమనండి. చదివి వినిపించేటప్పుడు దాన్ని పట్టుకోగలిగారా చూడండి.

మీ గొంతు రికార్డు చేసుకుని వినండి. మొదట్లో వినబుద్ధి కాదు కానీ వినాల్సిందే. వాక్యం చివర మాట మింగేస్తున్నారా, అంకెల దగ్గర పరుగెడుతున్నారా, అన్నీ తెలుస్తాయి. మనలో చాలామంది తెలుగు వేగంతోనే ఇంగ్లీషు మాట్లాడతారు. అంకెల దగ్గరైనా సగానికి తగ్గించండి.

బ్యాంకు, గ్యాస్, మొబైల్ కంపెనీల కస్టమర్ కేర్‌కి ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ చేస్తూనే ఉంటాం. ఈసారి భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగుకు బదులు ఇంగ్లీషు నొక్కండి. పని మీకు తెలిసిందే, భాషే కొత్త. అలా కొన్నాళ్లు నడిచాక, ఇంట్లో వాళ్లు బెంగళూరో పుదుచ్చేరో వెళ్దామన్నప్పుడు యాప్‌లో బుక్ చేయకుండా హోటల్‌కే నేరుగా ఫోన్ చేయండి. రేటు, టిఫిన్, చెక్ ఇన్ టైమ్, రద్దు షరతులు నాలుగూ అడిగి రాసుకోండి. అవతలివాళ్లు మధ్యలో హిందీలోకి దిగితే "ఇంగ్లీష్, ప్లీజ్" అని నవ్వుతూ చెప్పి కొనసాగించండి. ఆఫీసులో తర్వాతి బుకింగ్ వచ్చినప్పుడు ఆ కాగితమే మీ ముందు పెట్టుకుని డయల్ చేయండి.